గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్: మే నెలకీ, జనవరికీ నిలబడేలా చేయడం ఎలా?

గ్రాఫిక్స్ కార్డుని ఓవర్‌క్లాక్ చేయడం, అంటే కంపెనీ పెట్టిన వేగం (క్లాక్) కంటే ఎక్కువ వేగంతో నడిపించడం, అరగంట పని. అది నిజంగా నిలబడుతుందా లేదా అని తేల్చుకోవడానికి వారం పడుతుంది. చాలామంది ఆ అరగంటతో ఆపేస్తారు. నెల తర్వాత గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడితే డ్రైవర్‌నో, విండోస్‌నో తిట్టుకుంటారు. అందుకే ఇక్కడ స్లైడర్లు జరపడం గురించి కొంచెమే చెప్తాను, పరీక్షల గురించి ఎక్కువ.

ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు తీసుకుందాం. 2021లో వచ్చింది, మన దగ్గర ఇప్పటికీ చాలా సిస్టమ్‌లలో నడుస్తోంది, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతోంది. ఎన్‌విడియా ఇచ్చిన లెక్కల ప్రకారం దీని బూస్ట్ క్లాక్ 1777 మెగాహెర్ట్జ్, మెమరీ వేగం ఒక్కో డేటా లైనుకి సెకనుకి 15 గిగాబిట్లు, పవర్ 170 వాట్లు. మీ కార్డు వేరే అయితే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

లాభం ఎంతో ముందే తెలుసుకోండి. బాగా కుదిరితే గేముల్లో 5 నుంచి 8 శాతం. 60 ఫ్రేములు వచ్చేచోట 63, 64 వస్తాయి. దీనికోసం ఇంత తలనొప్పి ఎందుకు అనిపిస్తే కార్డుని అలాగే వదిలేయండి, కానీ అండర్‌వోల్టింగ్ (కార్డుని తక్కువ వోల్టేజ్‌తో నడపడం) గురించి రాసిన భాగం మాత్రం చదవండి. మన వేడికి అది ఓవర్‌క్లాక్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

## కార్డు కాలిపోతుందా?

ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో క్లాక్ పెంచితే కార్డు కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. వోల్టేజ్‌కి పైహద్దు కార్డు బయోస్‌లోనే (కార్డులోపలే రాసి ఉండే ప్రోగ్రాం) ఉంటుంది, స్లైడర్ దాన్ని దాటలేదు. వేడి మితిమీరితే కార్డే క్లాక్ తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతుంది. పైగా మీరు పెట్టిన సెట్టింగ్‌లు కార్డులో రాసుకుపోవు. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే పోతాయి.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఒకటి, వేరే కార్డు బయోస్ తెచ్చి మీ కార్డులోకి ఎక్కించడం (ఫ్లాష్ చేయడం). రెండు, పవర్ లిమిట్‌ని మోసం చేయడానికి బోర్డు మీద టంకం పెట్టడం. ఈ రెండింటి జోలికీ పోవద్దు. మూడోది ఎవరూ పట్టించుకోనిది: ఫైల్ సేవ్ అవుతుండగా సిస్టమ్ హ్యాంగ్ అయితే ఆ ఫైల్ పాడవుతుంది. పరీక్షలు మొదలుపెట్టే ముందు ప్రాజెక్టు ఫైళ్లు, ఫోటోలు బ్యాకప్ తీసుకోండి, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయండి.

వారంటీ కాగితం కూడా ఒకసారి చదవండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చిన నష్టానికి మాకు సంబంధం లేదని రాసుకునే కంపెనీలు ఉన్నాయి.

## మొదలుపెట్టే ముందు

క్యాబినెట్ తెరిచి దుమ్ము దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. పాత కార్డో, మైనింగ్‌లో నలిగిన కార్డో అయితే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. చిప్ ఉష్ణోగ్రతకీ హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) ఉష్ణోగ్రతకీ మధ్య తేడా మామూలుగా 10, 15 డిగ్రీలు ఉంటుంది. 25 దాటితే ముందు పేస్ట్ మార్పించండి, ఓవర్‌క్లాక్ సంగతి తర్వాత.

ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) విషయంలో రాజీ పడొద్దు. 3060కి ఎన్‌విడియా చెప్పేది 550 వాట్లు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 550 అని రాసి ఉన్నంత మాత్రాన అది అంత ఇస్తుందని కాదు. 8 పిన్ కేబుల్ నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచే రావాలి, పాత హార్డ్ డిస్క్ కనెక్టర్లకి అడాప్టర్ తగిలించి తెచ్చింది కాకూడదు. యూపీఎస్ వాడేవాళ్లకి ఇంకో మాట. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. స్ట్రెస్ టెస్ట్ (కార్డుకి ఆగకుండా పూర్తి పని పెట్టే పరీక్ష) నడుస్తుండగా కరెంటు పోతే అది ఆ లోడ్ మోయలేక ఠక్కున ఆగిపోవచ్చు. మీరేమో కార్డు క్రాష్ అయిందనుకుంటారు.

మొదలుపెట్టడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ మూడే: క్లాక్ మార్చడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, కార్డు ఉష్ణోగ్రతలు, క్లాక్‌లు చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ఏదైనా ఒక బెంచ్‌మార్క్ (కార్డు వేగాన్ని కొలిచి స్కోరు ఇచ్చే ప్రోగ్రాం). ఆఫ్టర్‌బర్నర్ ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది, కార్డు ఎంఎస్ఐదే కానక్కర్లేదు. డౌన్‌లోడ్ మాత్రం ఎంఎస్ఐ సొంత సైట్ నుంచే చేయండి. 2022లో అచ్చం ఆ సైట్ లాంటి పేజీలే పెట్టి, ఆఫ్టర్‌బర్నర్ పేరుతో పాస్‌వర్డ్‌లు కాజేసే ప్రోగ్రాములు అంటగట్టిన నకిలీ సైట్లు చాలా బయటపడ్డాయి. బెంచ్‌మార్క్‌కి యూనిజిన్ సూపర్‌పొజిషన్ ఉచితం. త్రీడీమార్క్ టైమ్ స్పై డెమో స్టీమ్‌లో ఉచితం, దాని స్ట్రెస్ టెస్ట్‌కి మాత్రం డబ్బు కట్టాలి.

## ముందు స్టాక్ అంకెలు రాసుకోండి

స్లైడర్ ముట్టుకోకముందు కార్డు మామూలు పరిస్థితిలో, అంటే స్టాక్‌లో, ఎలా ఉందో తెలియాలి. బెంచ్‌మార్క్ మూడుసార్లు నడిపి స్కోర్లు రాసుకోండి. టైమ్ స్పైలో 3060 గ్రాఫిక్స్ స్కోరు సాధారణంగా 8,500, 9,000 మధ్య ఉంటుంది. అంతకంటే బాగా తక్కువ వస్తుంటే వేరే ఏదో తేడా ఉంది, ముందు దాని సంగతి చూడాలి.

స్కోరుతో పాటు గది ఉష్ణోగ్రత, కార్డు గరిష్ఠ ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్, లోడ్‌లో నిలకడగా ఉండే క్లాక్ కూడా రాయండి. బూస్ట్ 1777 అని డబ్బా మీద ఉన్నా, చల్లగా ఉన్న కార్డు దానంతట అదే 1900 దాటడం చూస్తారు. ఎన్‌విడియా కార్డులు వేడిని, పవర్‌ని, వోల్టేజ్‌ని చూసుకుంటూ క్షణక్షణం క్లాక్ మార్చుకుంటాయి. అంటే కంపెనీ ముందే కొంత ఓవర్‌క్లాక్ చేసి ఇచ్చినట్టే, మనకి మిగిలింది చివరి అంచు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కిందకి జరిగితే పెర్ఫార్మెన్స్ లిమిట్ అని వరుసగా కొన్ని లైన్లు ఉంటాయి: పవర్, థర్మల్, వోల్టేజ్. గేమ్ నడుస్తుండగా వీటిలో ఏది ‘యెస్’ (Yes) చూపిస్తే కార్డుని ఆపుతున్నది అదే. థర్మల్ ‘యెస్’ అంటే మీకు కావలసింది ఓవర్‌క్లాక్ కాదు, గాలి.

## పవర్, ఫ్యాన్

ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ స్లైడర్ చివరిదాకా జరపండి. కొన్ని 3060 మోడళ్లలో అది 100 దగ్గరే ఆగిపోతుంది, కొన్నింటిలో ఇంకాస్త పైకి వెళ్తుంది. కోర్ వోల్టేజ్ స్లైడర్ జోలికి వెళ్లొద్దు. దానివల్ల వచ్చే లాభం ఒకటో రెండో మెట్లు (మెట్టు అంటే 15 మెగాహెర్ట్జ్), వచ్చే వేడి ఎక్కువ.

ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత) మీరే పెట్టుకోండి. 60 డిగ్రీల దగ్గర 50 శాతం, 70 దగ్గర 70, 80 దగ్గర 90 అనేది మంచి ఆరంభం. మోత ఎక్కువనిపిస్తే తర్వాత తగ్గించుకోవచ్చు.

## కోర్ క్లాక్

1. మెమరీ స్లైడర్ సున్నాలో ఉంచి, కోర్‌కి +45 ఇచ్చి అప్లై చేయండి. ఈ తరం కార్డులు 15 మెగాహెర్ట్జ్ మెట్లలోనే కదులుతాయి కాబట్టి 45, 60, 75 లాంటి అంకెలే ఇవ్వండి. 100 ఇచ్చినా కార్డు దాన్ని దగ్గర్లోని మెట్టుకి సర్దేసుకుంటుంది.
2. సూపర్‌పొజిషన్ ఒకసారి నడపండి. స్క్రీన్ మీదే కళ్లు పెట్టి చూడండి. మెరుపు చుక్కలు, గోడల మీద సాగిపోయిన త్రికోణాలు, ఒక్క క్షణం నల్లబడటం, ఇవన్నీ గుర్తులే.
3. బాగుంటే ఇంకో 15 పెంచండి. క్రాష్ అయ్యేదాకా ఇలాగే.
4. క్రాష్ అయిన అంకె నుంచి రెండు, మూడు మెట్లు వెనక్కి రండి. అది తాత్కాలిక హద్దు మాత్రమే.

3060లు సాధారణంగా +100, +150 మధ్య ఎక్కడో ఆగుతాయి. ఇంటర్నెట్‌లో ఎవరో +200 పెట్టారని మీ కార్డు కూడా వెళ్లాలని లేదు. ఒకే మోడల్, ఒకే రోజు కొన్నా రెండు చిప్‌లు ఒక్కలా ఉండవు. అసలు ఆఫ్‌సెట్ అంకెని (ప్లస్ గుర్తుతో మీరు పెంచే అంకె) ఇతరులతో పోల్చడమే తప్పు. ఫ్యాక్టరీలోనే కాస్త పెంచి ఇచ్చిన కార్డులో +90, పెంచకుండా ఇచ్చిన కార్డులో +150 రెండూ చివరికి ఒకే క్లాక్ కావచ్చు.

## మెమరీ: ఇక్కడ స్కోరే సాక్షి

ఇప్పుడు కోర్‌ని సున్నాకి తెచ్చి, మెమరీని +200 చొప్పున పెంచండి. 3060లో ఆఫ్టర్‌బర్నర్ మెమరీ క్లాక్‌ని 7500 అని చూపిస్తుంది. +1000 అంటే 8500, అంటే 17 గిగాబిట్లు. అన్ని లైన్లూ కలిపి మెమరీ నుంచి డేటా వచ్చే వేగం (బ్యాండ్‌విడ్త్) సెకనుకి 360 గిగాబైట్ల నుంచి 408కి పెరుగుతుంది. మెమరీ బస్సు (చిప్‌కీ మెమరీకీ మధ్య డేటా దారి) వెడల్పు తక్కువగా ఉన్న ఇలాంటి కార్డులకి కోర్ కంటే మెమరీ పెంచడమే ఎక్కువ కలిసొస్తుందని నా అభిప్రాయం.

కానీ మెమరీ ఒక విషయంలో మోసం చేస్తుంది. కోర్ హద్దు దాటితే క్రాష్ అయి చెప్పేస్తుంది. మెమరీ అలా చెప్పదు. కొత్త తరం మెమరీలో, ముఖ్యంగా 3080, 3090 లాంటి కార్డుల్లో ఉన్న జీడీడీఆర్6ఎక్స్‌లో, డేటా తప్పుగా వస్తే గుర్తించి మళ్లీ పంపించుకునే ఏర్పాటు ఉంది. దానివల్ల హద్దు దాటినా గేమ్ మామూలుగానే నడుస్తుంది, కాకపోతే తప్పులు దిద్దుకోవడానికే సమయం పోయి నెమ్మదిస్తుంది. అందుకని ప్రతి మెట్టుకీ స్కోరు రాసుకోవాలి. +800కి పెరిగింది, +1000కి కొంచెం పెరిగింది, +1200కి తగ్గింది అనుకోండి. 1200 దగ్గర ఒక్క చుక్క కూడా కనబడకపోయినా అది పనికిరాదు. 1000 కూడా కాదు, 800, 900 దగ్గర ఆగండి.

జీడీడీఆర్6ఎక్స్ కార్డులవాళ్లు మెమరీ జంక్షన్ ఉష్ణోగ్రత (మెమరీ చిప్‌ల లోపలి వేడి) మీద కన్నేసి ఉంచాలి. 110 డిగ్రీలకి కార్డు వేగం తగ్గించేసుకుంటుంది. 95 లోపు ఉంచుకుంటే మేలు.

తర్వాత రెండూ కలిపి పెట్టండి. విడివిడిగా నిలబడినవి కలిపితే నిలబడకపోవచ్చు, ఎందుకంటే రెండూ ఒకే 170 వాట్లలోంచి పంచుకోవాలి. కోర్‌ని ఇంకో మెట్టు తగ్గించాల్సి రావచ్చు.

## అసలు పరీక్ష

ఎండాకాలంలో పాసైన ఓవర్‌క్లాక్ చలికాలంలో ఎందుకు క్రాష్ అవుతుందని చాలామందికి అంతుపట్టదు. అనుకునేది తలకిందులుగా కదా: వేడికి కదా పోవాలి!

ఆఫ్‌సెట్ అనేది స్థిరమైన క్లాక్ కాదు, కార్డు ఆ క్షణంలో ఎంచుకున్న క్లాక్‌కి కలిపే అంకె. కార్డు వేడెక్కే కొద్దీ మెట్టు మెట్టుగా క్లాక్ తగ్గించుకుంటుంది. మేలో విజయవాడలో ఏసీ లేని గదిలో 80 డిగ్రీల దగ్గర మీ +135 అంటే 1950 కావచ్చు. జనవరి ఉదయం హైదరాబాద్‌లో కార్డు చల్లగా ఉన్నప్పుడు అదే +135 మిమ్మల్ని 2000 పైకి తీసుకెళ్తుంది, మీరు ఎప్పుడూ పరీక్షించని చోటికి. గేమ్ తెరిచిన మొదటి రెండు నిమిషాల్లోనే క్రాష్ అవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇటువైపు వేడి సమస్య కూడా నిజమే. గది ఎంత వేడెక్కితే కార్డు దాదాపు అంతే వేడెక్కుతుంది. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 68 చూపించిన కార్డు, మేలో 38 డిగ్రీల గదిలో 84కి చేరుతుంది. 3060కి మామూలుగా ఉండే ఉష్ణోగ్రత లక్ష్యం 83, అది దాటితే కార్డు క్లాక్ తగ్గించుకుంటుంది. అంటే ఓవర్‌క్లాక్ నిలబడినా, దాని లాభం ఆవిరైపోతుంది.

కాబట్టి రెండు చివర్లా పరీక్షించాలి.

చల్లటి పరీక్ష: సిస్టమ్ రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే ఆన్ చేసిన వెంటనే, ఫ్యాన్లు 100 శాతం పెట్టి బెంచ్‌మార్క్ మొదలుపెట్టండి. ఒక నిమిషం నడిపి ఆపి, చల్లారాక మళ్లీ. అలా కొన్నిసార్లు. గేమ్ తెరిచి మెనూలో వదిలేయడం, ఆల్ట్-ట్యాబ్ కొట్టి డెస్క్‌టాప్‌కి వచ్చి వెళ్లడం కూడా చేయండి. లోడ్ తక్కువ, క్లాక్ ఎక్కువ ఉండే ఇలాంటి క్షణాలే బలహీనమైన ఓవర్‌క్లాక్‌ని పట్టిస్తాయి.

వేడి పరీక్ష: టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ ఉంటే అది 20 సార్లు తిరుగుతుంది. అన్ని చుట్లలో ఫ్రేమ్ రేటు నిలకడ 97 శాతం ఉంటేనే పాస్. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే యూనిజిన్ హెవెన్ ఉచితంగా ఆగకుండా తిరుగుతుంది. కానీ అది 2009 నాటిది, ఇప్పటి కార్డులకి తేలిక. దాంతోనే సరిపెట్టుకోవద్దు. మధ్యాహ్నం, ఏసీ ఆపి, క్యాబినెట్ మూసి నడపండి.

మెమరీ పరీక్ష: ఓసీసీటీ అనే ప్రోగ్రాంలో వీర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్ ఉంది, తప్పుల్ని లెక్కపెట్టి చూపిస్తుంది. ఒక్క తప్పు కనబడినా మెమరీని 100 తగ్గించండి. ‘ఒక్కటే కదా’ అనుకోవద్దు. అదే ఓసీసీటీలో త్రీడీ అడాప్టివ్ టెస్ట్ కూడా మంచిది, లోడ్‌ని మారుస్తూ నడుపుతుంది.

ఆ తర్వాత మీరు నిజంగా ఆడే గేములు. రే ట్రేసింగ్ (వెలుగు, నీడల్ని కిరణాల లెక్కతో గీసే పద్ధతి) ఉన్న గేమ్ ఒకటి తప్పనిసరి, సైబర్‌పంక్ 2077 లాంటిది. సాధారణ బెంచ్‌మార్క్‌లో పాసైనవి రే ట్రేసింగ్ ఆన్ చేయగానే పడిపోవడం మామూలే, చిప్‌లో వేరే భాగాలు కూడా పనిలోకి దిగుతాయి కాబట్టి. ఒక వారం మామూలుగా ఆడండి. మధ్యలో ఒక్కసారి క్రాష్ అయినా 15 తగ్గించి వారం మళ్లీ మొదలు.

ఫర్‌మార్క్ అనే స్ట్రెస్ టెస్ట్ గురించి అడుగుతారు. కార్డుని వేడెక్కించడానికి, ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుందో లేదో చూడటానికి పది నిమిషాలు నడపండి, తప్పులేదు. కానీ దాన్ని ఓవర్‌క్లాక్ పరీక్ష అనుకోవద్దు. అది కార్డుని వెంటనే పవర్ లిమిట్‌కి కొట్టిస్తుంది, దాంతో క్లాక్ బాగా కిందకి పడిపోతుంది. మీరు పరీక్షించాలనుకున్న 1950 దగ్గరికి అది వెళ్లనే వెళ్లదు.

## క్రాష్ అయితే ఎక్కడ చూడాలి?

కార్డు రెండు సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. స్క్రీన్ నల్లబడి మళ్లీ వచ్చేది అందుకే. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. డిస్‌ప్లే పేరుతో 4101 నంబరు గానీ, ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం (nvlddmkm, ఎన్‌విడియా డ్రైవర్) పేరుతో ఎర్రర్లు గానీ ఉంటే అనుమానం ఓవర్‌క్లాక్ మీదే. రిలయబిలిటీ మానిటర్‌లో లైవ్‌కెర్నల్‌ఈవెంట్ 141 కూడా ఇదే కథ. మొదట స్టాక్‌కి వెళ్లి అదే గేమ్ ఆడండి. స్టాక్‌లోనూ వస్తుంటే తప్పు వేరేచోట ఉంది.

సిస్టమ్ మొత్తం ఒక్కసారిగా ఆఫ్ అయి రీస్టార్ట్ అయితే అది ఎక్కువగా ఎస్‌ఎంపీఎస్ పని. రంగురంగుల చుక్కలు, గళ్లు కనబడితే మెమరీ. గేమ్ మాత్రమే మూసుకుపోతే సాధారణంగా కోర్.

## అండర్‌వోల్టింగ్

చిప్ తినే పవర్ క్లాక్‌తో నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.05 వోల్ట్‌ల నుంచి 0.9కి దిగితే, అదే క్లాక్ దగ్గర చిప్ పనికి అయ్యే పవర్ దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. చాలా 3060లు 900 మిల్లీవోల్ట్‌ల దగ్గర 1800 పైనే నిలబడతాయి.

చేసే విధానం: ఆఫ్టర్‌బర్నర్‌లో అన్నీ రీసెట్ చేసి, కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కితే వోల్టేజ్ కర్వ్ తెరుచుకుంటుంది. 900కి కుడివైపు ఉన్న చుక్కలన్నీ 1800 కిందకి దిగేదాకా కోర్ స్లైడర్‌ని మైనస్‌లోకి జరిపి అప్లై చేయండి. ఇప్పుడు కర్వ్‌లో 900 దగ్గరున్న చుక్కని మాత్రం పట్టుకుని 1800కి లేపి, మళ్లీ అప్లై కొట్టండి. కుడివైపు గీత అంతా బల్లపరుపుగా మారాలి. మారకపోతే స్లైడర్ సరిపడా కిందకి దింపలేదని అర్థం. 1800 నిలబడితే 15 చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. మెమరీ ఆఫ్‌సెట్ దీనికి కలుపుకోవచ్చు.

ఇందులో నాకు నచ్చేది చల్లదనం ఒక్కటే కాదు. పైన కప్పు వేసినట్టు క్లాక్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి, జనవరిలో తెలియని ఎత్తుకి ఎగబాకే సమస్య పోతుంది. పరీక్షలు మాత్రం పైన చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయి, తక్కువ వోల్టేజ్ కూడా క్రాష్‌కి కారణమవుతుంది.

ల్యాప్‌టాప్‌వాళ్లు నేరుగా ఇక్కడికే రండి. సీపీయూ, జీపీయూ తరచూ ఒకే కూలింగ్ మీద బతికే ఆ ఇరుకులో ఓవర్‌క్లాక్‌కి అర్థం లేదు. కంపెనీ లాక్ చేయకపోతే అండర్‌వోల్ట్ మాత్రం చక్కగా పనిచేస్తుంది.

## ఏఎమ్‌డీ కార్డులైతే

వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఏఎమ్‌డీ సొంత సాఫ్ట్‌వేర్ అడ్రినలిన్‌లో పెర్ఫార్మెన్స్ కింద ట్యూనింగ్ ఉంటుంది. ముందు హెచ్చరిక ఒకటి వస్తుంది, అది ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. క్లాక్, వోల్టేజ్, మెమరీ, పవర్, ఫ్యాన్ అన్నీ ఒకేచోట. ఆర్‌ఎక్స్ 6000 కార్డుల్లో జంక్షన్ ఉష్ణోగ్రత 110 దాకా కంపెనీ ఒప్పుకున్నదే, 90 చూసి టెన్షన్ పడొద్దు. క్రాష్ తర్వాత సెట్టింగ్‌లు వాటంతట అవే డీఫాల్ట్‌కి వెళ్లిపోతాయి. కాబట్టి ప్రతి క్రాష్ తర్వాతా స్లైడర్లు ఒకసారి చూసుకున్నాకే తర్వాతి పరీక్ష నడపండి.

## సేవ్ చేయడం, ఆ తర్వాత

ఆఫ్టర్‌బర్నర్‌లో ఐదు ప్రొఫైల్ గడులు ఉన్నాయి. ఒకదాంట్లో స్టాక్, ఒకదాంట్లో అండర్‌వోల్ట్, ఒకదాంట్లో ఓవర్‌క్లాక్ పెట్టుకుంటే ఎండాకాలంలో ఒక్క క్లిక్‌తో మారొచ్చు. విండోస్‌తో పాటే ప్రొఫైల్ అమలయ్యే స్టార్టప్ బటన్‌ని ఆ వారం పరీక్ష అయ్యేదాకా నొక్కొద్దు. సెట్టింగ్ తేడాగా ఉండి, స్టార్టప్ ఆన్‌లో ఉంటే సిస్టమ్ ఆన్ అయిన ప్రతిసారీ హ్యాంగ్ అవుతుంది. అలా ఇరుక్కుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయడమే దారి.

బ్లెండర్‌లో రెండరింగ్, ఇంట్లోనే ఏఐ మోడల్ ట్రైనింగ్ లాంటి పనులకి మెమరీ ఓవర్‌క్లాక్ వద్దు. గేమ్‌లో ఒక పిక్సెల్ తప్పు రంగులో వస్తే ఎవరూ చూడరు. గంటల తరబడి నడిచే లెక్కలో ఒక అంకె మారితే తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలియదు. ఆ పనులు పెట్టేముందు స్టాక్ ప్రొఫైల్ నొక్కండి.

డ్రైవర్ కొత్తది వేసినప్పుడు చల్లటి పరీక్ష ఒకసారి, వీర్యామ్ టెస్ట్ ఒకసారి మళ్లీ నడపండి. కొత్త గేమ్ ఇన్‌స్టాల్ చేసి అది క్రాష్ అవుతుంటే, ఆ గేమ్ కంపెనీకి ఫిర్యాదు రాసేముందు స్టాక్‌లో పెట్టి చూడండి.